మెయిన్ ఆఫ్‌లో ఉన్నా నల్ల వైరు కొట్టింది: ఏలూరు మేడ ఇంట్లో అరువు న్యూట్రల్, ఒక కేస్ స్టడీ

ఏలూరులో ఒక మేడ ఇల్లు. కింద ఇంటి యజమాని, రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పై వాటా అద్దెకిచ్చారు. అందులో భార్యాభర్తలు, ఏడాది నిండని పాప. పై వాటాకి రంగులు వేయిస్తుంటే జరిగింది ఈ సంగతి. మెయిన్ ఆఫ్ చేసి, హాల్లో స్విచ్ బోర్డు ప్లేటు ఊడదీసి, చుట్టూ పాత రంగు గీకుతున్నాడు పెయింటర్. బోర్డులో నల్ల వైర్ల జాయింటు మీద టేపు ఎప్పుడో ఊడిపోయింది. అది మోచేతికి తగిలింది. ఆ దెబ్బకి స్టూలు మీద నుంచి కింద పడ్డాడు. చేయి బెణికింది. తల ఏ గట్టుకో తగిలి ఉంటే ఈ కేసు ఇలా రాయగలిగేవాణ్ణి కాదు.

మాస్టారు ఫోన్ చేసి నన్ను అడిగింది ఒకటే. "మెయిన్ నేనే దగ్గరుండి ఆఫ్ చేయించానండీ. ఫ్యాను తిరగట్లేదు, లైటు వెలగట్లేదు. మరి ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి ఒక పూట పట్టింది. సరిచేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇరవై రెండేళ్లుగా ఇళ్ల వైరింగ్ చేస్తున్నాను. ఇలాంటి తప్పు చాలా ఇళ్లలో చూశాను గానీ, దానివల్ల వచ్చే ఇబ్బందులన్నీ ఒకే ఇంట్లో ఇంత స్పష్టంగా కనపడటం ఇదే మొదటిసారి. అందుకే ఉన్నదున్నట్టు వివరంగా రాస్తున్నాను.

వెళ్లేసరికి తెలిసినవి

కింది వాటా ముందు కట్టి, రెండేళ్ల తర్వాత పైన వేశారు. రెండు వాటాలకీ విడివిడిగా సింగిల్ ఫేజ్ మీటర్లు. రెండు సర్వీసు వైర్లూ స్తంభం మీద ఒకే ఫేజు నుంచి వచ్చాయి. ఒక్కో వాటాకి ఒక డీబీ (కరెంటుని గదులకి పంచే బోర్డు). రెండింటిలోనూ మెయిన్‌గా డబుల్ పోల్ ఐసొలేటర్ ఉంది, అంటే ఆఫ్ చేస్తే ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ (అది తిరిగి వెళ్లే నల్ల వైరు) రెండూ తెగుతాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

కాఫీ తాగుతూ మాట్లాడుతుంటే, షాక్‌తో సంబంధం లేనట్టు కనిపించే సంగతులు కొన్ని బయటపడ్డాయి. పాప పాకడం మొదలుపెట్టిందని, నెల కిందట పై వాటా అబ్బాయి సొంత డబ్బుతో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి సప్లై ఆపే స్విచ్) పెట్టించుకున్నాడు. మంచి పని. కానీ అది రోజూ పొద్దుగూకే వేళకి పడిపోయేది. పగలంతా బాగానే ఉండేది. డిఫెక్ట్ పీసు అనుకుని మార్చారు. రెండోదీ సరిగ్గా అదే వేళకి పడింది. మూడోసారి వచ్చినతను "ఈ ఇంటికి ఇది సరిపడదండీ" అని చెప్పి డైరెక్ట్ చేసేశాడు. ఆర్‌సీసీబీ డీబీలోనే ఉంది, లివరు పైకే ఉంది, దానిలోంచి మాత్రం ఒక్క వైరూ పోవడం లేదు. ఇంట్లో వాళ్లు మాత్రం రక్షణ ఉందనే అనుకుంటున్నారు.

రెండోది మీటరు సంగతి. రాత్రిళ్లు రెండు మీటర్ల మీదా ఎర్త్ అని చూపించే ఎర్ర లైటు వెలుగుతోందట. మూడోది బిల్లు. రెండేళ్ల కిందట మేడ మీద మెట్ల గదిలో వాషింగ్ మెషిన్‌కి ప్లగ్గు పాయింటు పెట్టారు. అప్పటి నుంచి కింద బిల్లు పెరిగింది. "వాళ్ల మెషిన్ నా మీటరు మీద తిరుగుతోందేమో" అని మాస్టారి అనుమానం. "లేదండీ, నా బిల్లు కూడా పెరిగింది, చూడండి" అని ఆ అబ్బాయి ఫోన్లో పాత బిల్లులు చూపించాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అది తర్వాత తేలింది.

వెతికిన తీరు

పై వాటా మెయిన్ ఆఫ్ చేసి, డీబీ మూత తీసి, న్యూట్రల్ లింకు (నల్ల వైర్లన్నీ కలిపి బిగించే పట్టీ) మీద టెస్టర్ పెట్టాను. వెలగలేదు. నల్ల వైర్లన్నీ చూశాను, ఎక్కడా లేదు. షాక్ కొట్టిందన్నది నిజం, ఇప్పుడు కరెంటు లేదన్నదీ నిజం. అంటే అప్పుడు ఉండి, ఇప్పుడు లేనిదేదో ఉండాలి. ఆ సమయంలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో చెప్పమ్మా అని పై వాటా అమ్మాయిని అడిగాను.

"ఏమీ లేవండీ. పొద్దున బట్టలు మెషిన్‌లో వేశాను. మెయిన్ తీసేసరికి అదీ ఆగిపోయింది. అలాగే వదిలేశాను."

నాతో వచ్చిన కుర్రాణ్ణి పైకి పంపించి మెషిన్ టైమరు తిప్పమన్నాను. అది తిప్పుడు టైమరున్న పాత రకం మెషిన్, టైమరు తిప్పితే కాంటాక్టు మూసుకుని అలాగే ఉంటుంది. మెయిన్ ఆఫ్‌లోనే ఉంది కాబట్టి మెషిన్ తిరగలేదు. ఇక్కడ పై వాటా డీబీలో లింకు మీద టెస్టర్ వెలిగింది.

టెస్టర్ నియాన్ బల్బుని ఒక్కదాన్నే నమ్మకూడదు. పక్కన వెళ్లే వైరు ఇండక్షన్‌కి కూడా అది మినుకుమంటుంది. అందుకని 60 వాట్ల పాత గుండు బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంపుని న్యూట్రల్ లింకుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టాను. బల్బు దాదాపు నిండు వెలుతురుతో వెలిగింది. మెయిన్ కిందికి దించి ఉంది, రెండు పోల్స్ తెగి ఉన్నాయి, ఆ ఇంట్లో ఏదీ పనిచేయడం లేదు. అయినా ఆ ఇంటి నల్ల వైర్లన్నీ 230 వోల్టుల మీద ఉన్నాయి. మాస్టారు పక్కనే నిలబడి చూస్తున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కుర్రాడు పైనుంచి కేకేసి "అన్నా, ఇక్కడ ప్లగ్గులో ఫేజుంది!" అన్నాడు. పై వాటా మెయిన్ ఆఫ్ చేస్తే పై వాటా వాళ్ల మెషిన్ ప్లగ్గులో ఫేజు ఎలా ఉంటుంది? కింది డీబీలో మెట్ల లైటు ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌కి ఉండే, లోడు మించితే పడే స్విచ్) దించగానే టెస్ట్ ల్యాంపు ఆరిపోయింది.

దారి ఇప్పుడు పూర్తిగా కనపడింది. మెట్ల లైటుకి కిందొకటి, పైనొకటి టూ-వే స్విచ్‌లున్నాయి. ఫేజు కింది డీబీ నుంచి వచ్చింది. బల్బు పైన మెట్ల మలుపులో ఉంది. దాని న్యూట్రల్ మాత్రం కిందికి వెళ్లలేదు, పక్కనే ఉన్న పై వాటా జంక్షన్ బాక్సులోని నల్ల వైర్లలో కలిసింది. ఆ తర్వాత ఎవరో ఆ బల్బు బాక్సులోంచే వాషింగ్ మెషిన్‌కి పాయింటు లాగారు. కాబట్టి మెషిన్‌కి కూడా ఫేజు కింది మీటరు నుంచి, న్యూట్రల్ పై మీటరు నుంచి అందుతున్నాయి. అరువు న్యూట్రల్ అంటే ఇదే.

పై మెయిన్ ఆన్‌లో ఉన్నంతకాలం అన్నీ బాగానే పనిచేస్తాయి. అందుకే ఇరవై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. పై మెయిన్ దించగానే న్యూట్రల్ తెగుతుంది. కింది ఫేజు బతికే ఉంటుంది. అది మెషిన్ మోటారు వైండింగ్ గుండా వచ్చి, వెనక్కి పోయే దారి లేక, పై ఇంటి నల్ల వైర్లన్నింటిలోనూ నిలబడి ఉంటుంది. ఎవరు ముట్టుకుంటే వాళ్ల ఒంట్లోంచి నేలలోకి పోతుంది. మెషిన్ ఆగిపోవడం చూసి కరెంటు పోయిందనుకున్నారు. నిజానికి పోయింది న్యూట్రల్ మాత్రమే.

మెయిన్ సింగిల్ పోల్ అయి ఉంటే న్యూట్రల్ తెగకుండా ఉండేది, పెయింటర్‌కి ఏమీ అయ్యేది కాదు కదా అని మాస్టారు అడిగారు. లెక్కల మాస్టారి ప్రశ్న అది, సరైన ప్రశ్నే. కానీ డబుల్ పోల్ మెయిన్ చేయాల్సిన పని సరిగ్గానే చేసింది. ఇంటికి వచ్చే రెండు వైర్లనీ విడగొట్టింది. ఆ ఇంటి తీగల్లోకి ఇంకో ఇంటి ఫేజు దొడ్డిదారిన రావడమే తప్పు. మెయిన్‌ని మార్చితే రోగం అలాగే ఉండి, నొప్పి మాత్రం కనిపించకుండా పోతుంది.

సాయంత్రం పడే ఆర్‌సీసీబీ, రెండు మీటర్లు

మెయిన్ మళ్లీ ఆన్ చేసి, డైరెక్ట్ చేసిన వైర్లు విప్పి ఆర్‌సీసీబీని దాని స్థానంలో కలపకముందే ఒక కొలత తీసుకున్నాను. పై డీబీలోకి వచ్చే ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ కలిపి ఒకే క్లాంప్ మీటరులో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టాలి. వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపించాలి. ఇళ్లలో న్యూట్రల్ తప్పులు పట్టడానికి ఇంతకన్నా తేలికైన, నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు. ఐదు నిమిషాల పని.

మెషిన్ తిరుగుతుంటే 1.6 ఆంపియర్లు చూపించింది. మెషిన్ ఆపి మెట్ల లైటు ఒక్కటే వేస్తే 0.06. రెండూ ఆపితే సున్నా.

ఆ 0.06 దగ్గరే ఆర్‌సీసీబీ కథ ఉంది. 0.06 అంటే 60 మిల్లీ ఆంపియర్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు మామూలు లెక్కన 230 వోల్టుల దగ్గర 40 మిల్లీ ఆంపియర్లు తీసుకోవాలి. చవక బల్బులకి పవర్ ఫ్యాక్టర్ తక్కువ కాబట్టి ఇంకొంచెం ఎక్కువే తీసుకుంటాయి. ఆర్‌సీసీబీ చేసేదల్లా నా క్లాంప్ చేసిన పనే, వెళ్లినదీ వచ్చినదీ సరిపోయిందా అని చూడటం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, 30 దగ్గర పడితీరాలి. పై ఇంట్లోంచి వెళ్లని కరెంటు 60 మిల్లీ ఆంపియర్లు పై ఇంటి న్యూట్రల్‌లోకి వచ్చి చేరుతుంటే అది పడక ఏం చేస్తుంది? రోజూ పొద్దుగూకాక ఎవరో మెట్ల లైటు వేస్తారు, ఆర్‌సీసీబీ పడుతుంది. మరి వాషింగ్ మెషిన్‌కి పడలేదా అని అడిగితే, "పడేదండీ, కానీ మెషిన్ పాతది కదా, దాంట్లో లీకేజీ ఉందని చెప్పారు" అంది ఆ అమ్మాయి. ఆ నెలంతా భయపడి బట్టలు చేత్తోనే ఉతుక్కుందట. ఆర్‌సీసీబీని డైరెక్ట్ చేశాకే మళ్లీ మెషిన్ వాడటం మొదలుపెట్టింది.

ఆ రెండు ఆర్‌సీసీబీలూ మంచివే. ఇంట్లో ఉన్న తప్పుని రోజూ వేళ తప్పకుండా చూపించాయి. ఆ రోజు పై ఆర్‌సీసీబీ పనిలో ఉన్నా పెయింటర్‌ని కాపాడేది కాదు. ఎందుకంటే ఆ కరెంటు కింది ఇంటి ఫేజుది, కింది డీబీలో ఆర్‌సీసీబీయే లేదు. కానీ అది ఎందుకు పడుతోందో వెతికి ఉంటే, పెయింటర్ స్టూలు ఎక్కేనాటికే ఆ తప్పు బయటపడి ఉండేది. నాకు బాధ కలిగేది ఇక్కడే. పడుతున్న ఆర్‌సీసీబీని డైరెక్ట్ చేయడమంటే, అరుస్తున్న కుక్క నోరు కట్టేసి దొంగ లేడనుకోవడం.

ఇక మీటర్లు. మన ఇళ్లకి పెట్టే సింగిల్ ఫేజ్ ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావరకు ఫేజు కరెంటునీ న్యూట్రల్ కరెంటునీ రెండింటినీ కొలుస్తాయి. రెండింటికీ తేడా వస్తే ఎర్త్ లైటు వెలిగించి, ఏది ఎక్కువుంటే దాని ప్రకారం యూనిట్లు లెక్కగడతాయి. కరెంటు దొంగతనం ఆపడానికి చేసిన ఏర్పాటు అది. ఇక్కడ మెషిన్ కరెంటు కింది మీటరు ఫేజులోంచి వెళ్లింది, కాబట్టి కింది మీటరు లెక్కగట్టింది. పై మీటరు న్యూట్రల్‌లోంచి తిరిగొచ్చింది, కాబట్టి అదీ లెక్కగట్టింది. ఒక్క మెషిన్‌కి రెండు ఇళ్లవాళ్లూ రెండేళ్లు డబ్బు కట్టారు. పైగా ఒకరి మీద ఒకరికి అనుమానం. ఇది చెప్పినప్పుడు మాస్టారు ఆ అబ్బాయి వైపు చూసి "ఏమనుకోకు బాబూ" అన్నారు.

ఆరు ఎంసీబీలు, నాలుగు నల్ల వైర్లు

ఇంతటితో ఆగితే షాక్‌కి కారణం దొరికినట్టే. కానీ పై డీబీ మూత తీసినప్పుడే ఇంకో సంగతి కంట్లో పడింది. ఆరు ఎంసీబీలున్నాయి. న్యూట్రల్ లింకులో నాలుగే నల్ల వైర్లున్నాయి. ఆరు సర్క్యూట్లకి ఆరు న్యూట్రల్స్ ఉండాలి. ఏ ఇంట్లో డీబీ తెరిచినా నేను ముందు చేసే లెక్క ఇదే.

వంటింటి 16 ఆంపియర్ల ప్లగ్గుకీ, బాత్రూంలో గీజరుకీ విడివిడిగా 16 ఆంపియర్ల ఎంసీబీలు, విడివిడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల ఫేజు వైర్లు ఉన్నాయి. వెనక్కి వచ్చే న్యూట్రల్ ఒక్కటే. అది కూడా 1.5 వైరు. రెండు సర్క్యూట్లూ ఒకే ఫేజు మీద ఉన్నాయి కాబట్టి న్యూట్రల్‌లో రెండు కరెంట్లూ కలుస్తాయి. గీజరు 2 కిలోవాట్లు, ఇండక్షన్ స్టవ్వు 2 కిలోవాట్లు. పొద్దున్నే స్నానాలూ టిఫినూ కలిసే వేళ ఆ ఒక్క వైరులో 17 ఆంపియర్ల పైనే ప్రవహిస్తాయి. గోడలో పైపులో ఉన్న 1.5 రాగి వైరుని మన ఎండల్లో 15 ఆంపియర్ల దగ్గర ఆపాలి. ఇదే సర్క్యూట్లలో ఇంకేదైనా పెట్టి ఒక్కో ఎంసీబీ మీద నిండా 16 లాగినా, అంటే న్యూట్రల్‌లో 32 ఆంపియర్లు వెళ్లినా, ఏ ఎంసీబీ పడదు. ఎందుకంటే ప్రతి ఎంసీబీ తన ఫేజునే చూస్తుంది. న్యూట్రల్‌ని కాపలా కాసేది ఎవరూ లేరు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది.

ఆ వైరుని లింకులోంచి విప్పి చూస్తే నలుపు పోయి గోధుమ రంగుకి తిరిగింది. చివర జానెడు మేర ఇన్సులేషన్ గోటితో గీస్తే పెంకులా రాలింది. స్క్రూ కింద రాగి నల్లగా మాడి ఉంది. అదే లింకులో పక్కనున్న న్యూట్రల్ కొత్త వైరులా మెత్తగా ఉంది. రెండూ ఒకే రోజు వేసిన వైర్లే.

రెండో జత హాలు లైట్లూ, బెడ్‌రూం లైట్లూ. లోడు తక్కువ, వేడెక్కే భయం లేదు. అక్కడ ఉన్నది వేరే ప్రమాదం. హాలు ఎంసీబీ ఒక్కటే దించి హాలు బోర్డులో న్యూట్రల్ జాయింటు విప్పినవాడికి, బెడ్‌రూంలో ఫ్యాను తిరుగుతుంటే, ఆ ఫ్యాను గుండా వచ్చిన ఫేజు చేతిలో ఉన్న నల్ల వైరులో ఉంటుంది. పెయింటర్‌కి రెండు ఇళ్ల మధ్య జరిగిందే ఇక్కడ ఒకే ఇంట్లో రెండు గదుల మధ్య జరుగుతుంది. రిపేర్లు చేసే కుర్రాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇలాంటి చోటే. న్యూట్రలే కదా అని పళ్లతో ఇన్సులేషన్ లాగేవాళ్లని నేను చూశాను.

రూలు ఏమంటుంది

మనకి ఇళ్ల వైరింగ్‌కి ఐఎస్ 732 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2019లో దాన్ని సవరించి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 దారికి తెచ్చారు. ఈ ఐఈసీ 60364లో రెండు మాటలు ఈ ఇంటికి సూటిగా తగులుతాయి. ఇన్‌స్టలేషన్‌ని సర్క్యూట్లుగా విడగొట్టేటప్పుడు, ఆఫ్ చేసిన సర్క్యూట్‌లోకి పరోక్షంగా కరెంటు రాకుండా చూడాలన్నది ఒకటి. బ్రిటన్ వాళ్ల బీఎస్ 7671లో 314.4 ఇదే విషయాన్ని ఇంకా గట్టిగా చెబుతుంది. ప్రతి ఫైనల్ సర్క్యూట్‌కీ డీబీలో సొంత స్థానం ఉండాలి, దాని వైరింగ్ మిగతా ఏ సర్క్యూట్ వైరింగ్‌తోనూ కలవకూడదు. మెట్ల లైటుకి పై అంతస్తు న్యూట్రల్ అరువు తెచ్చుకోవడం అక్కడి పాత ఇళ్లలోనూ మామూలే. మెట్లున్న ప్రతిచోటా ఈ తప్పు పుడుతుంది.

రెండో మాట ఐఈసీ 60364-5-52లో 521.8.2 దగ్గర ఉంది. ఒక న్యూట్రల్‌ని అనేక ప్రధాన సర్క్యూట్లకి ఉమ్మడిగా వాడకూడదంటుంది. త్రీ ఫేజు సర్క్యూట్‌లో మాత్రం ఒక మినహాయింపు ఇస్తుంది. ఒకే న్యూట్రల్ మీద ఒక్కో ఫేజు నుంచి ఒక్కో సింగిల్ ఫేజ్ సర్క్యూట్ తీసుకోవచ్చు. కానీ ఆ అమరిక చూస్తే తెలిసేలా ఉండాలి, మూడు ఫేజులూ న్యూట్రలూ ఒక్క దెబ్బకి తెగే స్విచ్ ఉండాలి.

పాత ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్, 1956లో 32వ రూలు, న్యూట్రల్‌లో ఒంటరిగా ఫ్యూజు గానీ స్విచ్ గానీ పెట్టకూడదనీ, పెడితే ఫేజుతో కలిసి ఒకేసారి తెగేలా ఉండాలనీ చెప్పింది. 2010లో వచ్చిన సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) సేఫ్టీ రెగ్యులేషన్స్‌లోనూ అదే కొనసాగింది. న్యూట్రల్‌కి విడిగా ఫ్యూజు ఉండదు కాబట్టే దాని కరెంటు ఎప్పుడూ దాని ఫేజు కరెంటుని మించకుండా చూసుకోవాలి. న్యూట్రల్‌ని పంచుకుంటే ఆ లెక్కే తప్పుతుంది. ఇళ్లకి ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు దాటకూడదన్న మాట కూడా ఆ 2010 రెగ్యులేషన్స్‌లో ఉండేది (వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి). 30కి పడుతోందని 100ది పెట్టేవాళ్లు ఈ మాట గమనించాలి.

త్రీ ఫేజు ఇళ్లవాళ్ల కోసం ఒక లెక్క. R ఫేజు మీద 100 వాట్ల టీవీ, Y ఫేజు మీద 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఉన్నాయనుకుందాం. రెండింటికీ ఒకే న్యూట్రల్, ఏదో బోర్డులో ఆ జాయింటు వదులై ఊడింది. ఇప్పుడా రెండూ 400 వోల్టుల మీద సిరీస్‌లో పడతాయి. టీవీని మామూలు రెసిస్టెన్స్ అనుకుని లెక్క వేస్తే దాని నిరోధం సుమారు 529 ఓములు, పెట్టెది 53. టీవీకి 360 వోల్టులు దాటి వస్తాయి, పెట్టెకి 40 లోపే మిగులుతాయి. పెట్టె చల్లగా ఉంటుంది, టీవీ కాలిపోతుంది. ఒక గాలివానకి వీధంతా టీవీలూ ఫ్రిజ్‌లూ పోయాయంటే స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఇదే జరిగి ఉంటుంది. ఇంటి లోపల న్యూట్రల్ పంచుకుంటే, ఆ ప్రమాదాన్ని స్విచ్ బోర్డులోకి తెచ్చి పెట్టుకున్నట్టే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట చెప్పాలి. మా తమ్ముడు అక్కడి ఇంట్లో స్విచ్ మార్చుకుంటూ ఫొటో పంపి, "అన్నయ్యా, రెండు బ్రేకర్లకి ఒకే తెల్ల వైరుంది, తప్పు కదా" అన్నాడు. అక్కడ అది తప్పు కాదు. వాళ్ల సప్లై 120/240 వోల్టులు. రెండు వేర్వేరు కాళ్ల (120 వోల్టుల లైన్ల) మీద ఉన్న సర్క్యూట్లకి ఒకే న్యూట్రల్ వాడితే కరెంట్లు కలవవు, ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. వాళ్ల వైరింగ్ కోడ్ ఎన్‌ఈసీలో 210.4 దీన్ని మల్టీవైర్ బ్రాంచ్ సర్క్యూట్ అని ఒప్పుకుంటుంది. కానీ 2008 నుంచి ఆ రెండు బ్రేకర్లూ ఒకేసారి ఆఫ్ అయ్యేలా కలిపి కట్టి ఉండాలి. ప్లగ్గు పాయింటు ఊడదీస్తే న్యూట్రల్ తెగిపోయే విధంగా కలపకూడదని 300.13లో ఉంది. రెండు బ్రేకర్లూ పొరపాటున ఒకే కాలు మీదికి మారితే మన గీజరు వైరు పరిస్థితే. ఇంకొకటి, అక్కడ నల్ల వైరంటే ఫేజు, తెల్లది న్యూట్రల్. ఇక్కడ నల్లది న్యూట్రల్ అనే అలవాటుతో అక్కడ చెయ్యి పెట్టకండి.

ఏం చేశాం

మెట్ల లైటుతోనే మొదలుపెట్టాం. ఆ పాత ఎలక్ట్రీషియన్ ఎందుకలా చేశాడో పైపు చూస్తే అర్థమైంది. కింది బోర్డు నుంచి పైకి వెళ్లే పైపు సన్నది. టూ-వేకి కావాల్సిన వైర్లతో పాటు కేబుల్ టీవీ వైరు కూడా అందులోనే దూర్చారు. ఇంకో నల్ల వైరు దూరలేదు. పైన చేతికందే దూరంలో నల్ల వైర్లున్నాయి. కలిపేశాడు, లైటు వెలిగింది. కేబుల్ వైరు ఇప్పుడెవరూ వాడటం లేదు. దాన్నే లాగే తాడుగా వాడుకుని, దాని చివర కొత్త నల్ల వైరు కట్టి పైకి లాగాం. మలుపు దగ్గర ఇరుక్కుంటే సబ్బు పొడి రాసి లాగాల్సి వచ్చింది. గోడ ఎక్కడా కొట్టలేదు. మెట్ల లైటు ఫేజూ న్యూట్రలూ రెండూ ఇప్పుడు కింది డీబీవే.

వాషింగ్ మెషిన్ పాయింటుని అక్కణ్ణుంచి పూర్తిగా విడదీసి, పై డీబీ నుంచి సొంత ఎంసీబీ, సొంత 2.5 ఫేజు, న్యూట్రల్, ఎర్త్‌తో కొత్త లైను వేశాం. దీనికి మాత్రం మెట్ల గదిలో గాడి కొట్టక తప్పలేదు. రంగులు ఎలాగూ నడుస్తున్నాయి కాబట్టి మాస్టారు ఒప్పుకున్నారు.

గీజరుకీ వంటింటికీ పాత న్యూట్రల్ తీసేసి రెండు కొత్త 2.5 న్యూట్రల్స్ లాగాం. పాత వైరు పైపులోంచి బయటికి వచ్చేటప్పుడు రెండుచోట్ల ఇన్సులేషన్ లోపలే రాలిపోయి రాగి కనిపించింది. హాలుకీ బెడ్‌రూంకీ న్యూట్రల్స్ విడగొట్టడానికి ఒక రోజంతా పట్టింది, ఎందుకంటే మూడు బోర్డుల్లో ఆ రెండూ కలిసి ఉన్నాయి. మూడోది అటక వెనక ఉంది.

విడిపోయాయని ఎలా తెలుస్తుంది? మెయిన్ ఆఫ్ చేసి, ఎక్కడా కరెంటు లేదని టెస్ట్ ల్యాంపుతో చూసుకుని, న్యూట్రల్స్ అన్నీ లింకులోంచి విప్పి, ఇంట్లో ప్లగ్గులన్నీ తీసేసి, ఒక్కో జత మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టి చూశాం. కలిసి ఉంటే సున్నా చూపిస్తుంది. అన్నీ మెగోముల్లోనే వచ్చాయి. తర్వాత ప్రతి ఫేజుకీ దాని న్యూట్రల్‌కీ ఒకే నంబరు ఫెర్రూల్ (వైరు చివర తొడిగే నంబరు గొట్టం) వేసి, లింకులో ఎంసీబీల వరుసలోనే బిగించాం. మూడో ఎంసీబీ దించినవాడు మూడో నల్ల వైరు విప్పాలి, అంతే.

ఆర్‌సీసీబీని తిరిగి లైన్లోకి తెచ్చాం. ఆర్‌సీసీబీని పరీక్షించే మీటరుతో చూస్తే 30 మిల్లీ ఆంపియర్లకి 28 మిల్లీ సెకన్లలో పడింది. ప్రమాణం ప్రకారం 300 లోపు పడితే చాలు. కింది డీబీకి కూడా ఒకటి పెట్టించుకోండని మాస్టారితో అంటే, ముందు ఖర్చు అడిగి, తర్వాత పెయింటర్ పడిన చోటు వైపు చూసి సరే అన్నారు. చివరి సాయంత్రం రెండు డీబీల దగ్గరా క్లాంప్‌లో రెండేసి వైర్లు పెట్టి, మెట్ల లైటు వేసి, మెషిన్ తిప్పించాను. రెండు చోట్లా 0.00. మీటర్ల మీద ఎర్ర లైట్లు ఆరిపోయాయి.

ఇంకొక పని మిగిలి ఉంది. పై వాటా అబ్బాయి ఎండాకాలం లోపు ఇన్వర్టర్ కొంటానన్నాడు. ఇన్వర్టర్ పెట్టేవాళ్లు ఫేజు ఒక్కటి విడదీసి, న్యూట్రల్ ఎక్కడ పడితే అక్కడ ఇంటి లింకులో కలిపేసి వెళ్లిపోతుంటారు. అలా చేస్తే ఆర్‌సీసీబీ మళ్లీ పడుతుంది, మళ్లీ ఎవరో ఒకరు డైరెక్ట్ చేస్తారు. అందుకని ఇన్వర్టర్ మీదికి వెళ్లాల్సిన హాలు, బెడ్‌రూం సర్క్యూట్ల న్యూట్రల్స్‌ని ఇప్పుడే వేరే చిన్న లింకు మీదికి తెచ్చి పెట్టాను. డీబీ మూత లోపల కాగితం అంటించి, ఏ నంబరు ఏ గదిదో రాసి, కింద పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: "ఇన్వర్టర్ న్యూట్రల్ ఈ చిన్న లింకుకే. పెద్ద లింకులో కలపవద్దు. ఆర్‌సీసీబీ పడితే ముందు ఫోన్ చేయండి." దాని కింద నా నంబరు వేశాను.